ఎండకు భయపడిన ఏళ్ళు

పూతలపట్టు కూడలి దాటి కాణిపాకం వైపు కొంతదూరం పోతే చెరుకు తోటల నడుమ ఒక చిన్న ఊరు వస్తుంది. ధనంజయది ఆ ఊరు. ముప్పై ఏళ్ళ వయసులో అతన్ని చూసినవాళ్ళెవరూ ఆ మనిషికి జబ్బు చేస్తుందని అనుకోరు. చెరుకు నరికేదీ, గానుగ ఆడించేదీ, రసం మరగబెట్టి బెల్లం దించేదీ అన్నీ తానే. మిట్టమధ్యాహ్నం పొయ్యి సెగ పక్కన చొక్కా లేకుండా నిలబడి, పొడుగాటి గరిటెతో పాకం కలుపుతూ, దారిన పోయేవాళ్ళను పేరు పెట్టి పిలిచి వేడి బెల్లం చేతిలో పెట్టేవాడు. ఐదేళ్ళ కూతురు భానుశ్రీని భుజాల మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగేవాడు.

ఆ మనిషి లోపల ఒక భయం ఉండేది. అది అన్న చావు తాలూకు భయం.

అన్న కృష్ణమూర్తి అతనికంటే ఆరేళ్ళు పెద్ద. తొంభై మూడులో ఆయనకు కాళ్ళు నీరు పట్టాయి. తరవాత కడుపు ఉబ్బింది. చేతులు పుల్లల్లా సన్నబడి కడుపు మాత్రం నిండు చూలాలి కడుపు మాదిరి ముందుకొచ్చింది. కళ్ళు పచ్చబడ్డాయి. వేలూరు తీసుకుపోతే అక్కడి డాక్టర్లు లివరు పూర్తిగా చెడిపోయిందనీ, చేయగలిగింది లేదనీ చెప్పి పంపేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగిన చోటు నుంచి ఇంటిదాకా ధనంజయే అన్నను వీపున మోశాడు. మోస్తున్నంతసేపూ అన్న కడుపులో నీళ్ళు కదలడం అతని వీపుకు తెలుస్తూనే ఉంది. వారం తిరక్కముందే కృష్ణమూర్తి నెత్తురు కక్కుకుని పోయాడు. తాగుడు ఎక్కువై పోయుంటాడని ఊళ్ళో అనుకున్నారు. ఆయన జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. అయినా ధనంజయ ఎవరితోనూ వాదించలేదు. తాగుడు కాకపోతే మరేమిటని అడిగితే చెప్పడానికి అతని దగ్గర జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడమే అతన్ని లోలోపల తినేది.

తొంభై తొమ్మిది వేసవిలో కూడలి దగ్గర బస్సూ లారీ గుద్దుకున్నాయి. బెల్లం బండి తోలుకుపోతున్న ధనంజయ బండి వదిలేసి పరిగెత్తాడు. కిటికీల్లోంచి మనుషుల్ని లాగి, దొరికిన వ్యానులో ఎక్కించి, వాళ్ళతో పాటు చిత్తూరు పోయాడు. ఎవరో ఆడమనిషికి నెత్తురు కావాలంటే చొక్కా చెయ్యి మడిచి ఇచ్చాడు. ఆమె బతికిందని తెలిసి సంతోషంగా ఇంటికొచ్చాడు.

కొన్నాళ్ళకు నెత్తురు తీసుకున్న చోటి నుంచి కబురు వచ్చింది. అక్కడ పనిచేసే మునిరామయ్య పక్క ఊరివాడే. పెద్ద వయసు మనిషి. ధనంజయను ఒక బల్ల మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నువ్విచ్చిన రగతం ఆ యమ్మకు ఎక్కించలేదప్పా. వేరేవాళ్ళది ఎక్కించినారు. నీ రగతంలో వైరసు ఉండాది. హెపటైటిస్ బి అంటారు. లివరుకు పడతాది."

"నాకేం కాలేదే. గుండ్రాయి మాదిరి ఉండాను గదా."

"శానామంది అట్లనే ఉంటారు. ఏండ్ల తరబడి గమ్మున పడుంటాది. కొందరికి మాత్రం లేస్తాది. తిరపతిలోనో వేలూరులోనో పెద్ద డాక్టరుకు సూపించుకో. మీ ఇంట్లో ఎవురికన్నా లివరు జబ్బు వచ్చినాదా?"

ధనంజయకు అన్న కడుపు మళ్ళీ తన వీపుకు ఆనినట్టయింది.

"లేదు," అన్నాడు.

ఇంటికొచ్చి భార్య జ్ఞానాంబకు ఒక్కదానికే చెప్పాడు. "అన్నకొచ్చిందే నాకూ వచ్చినాది."

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ ఆగిపోయింది. "ఆసుపత్రికి పోదాం పా," అంది.

"అన్నను తీసకపోలేదా? వాళ్ళేం చేసినారు? నీ చావు ఇంత దూరంలో ఉండాదని చెప్పి పంపించినారు. ఆ మాట నేను వినలేను మే."

ఆసుపత్రికి బదులు కామెర్లకు ఆకుపసరు ఇచ్చే తిరుమలయ్య దగ్గరికి పోయాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన చేతి మందుకు పేరుంది. ఆయన నాడి చూసి, పసరు తాగించి, పథ్యం చెప్పాడు. ఉప్పు, నూనె, గుడ్డు, చేప, పాలు, పెరుగు కూడదు. ఒంటికి ఎండ పొడ తగలకూడదు. "ఇది వేడి జబ్బప్పా. ఎండ తగిలితే లోపలి వేడి లేస్తాది. ఒక మండలం, నలభై దినాలు, నీడపట్టున ఉండు. ఆ తరవాత నీ పని నువ్వు చేసుకోవచ్చు," అన్నాడు.

మండలం గడిచింది. ధనంజయకు ఏ జబ్బు లక్షణమూ కనపడలేదు. వేరేవాడైతే గండం గడిచిందని లేచి పనికి పోయేవాడు. ధనంజయ అట్లా అనుకోలేకపోయాడు. నీడలో ఉన్నాను కాబట్టి కడుపు ఉబ్బలేదు, పథ్యం తిన్నాను కాబట్టి కళ్ళు పచ్చబడలేదు అని అతని మనసు లెక్క వేసుకుంది. మరి నీడ వదిలితే? ఇంకొక మండలం ఉందాం అనుకున్నాడు. ఆ పైన ఈ వేసవి పోనీ అనుకున్నాడు. అట్లా అనుకుంటూ అనుకుంటూ బెల్లం దిమ్మెలు నిలవచేసే వెనక గదిలో మంచం వేసుకుని తొమ్మిదేళ్ళు ఉండిపోయాడు.

ఆ గదికి ఒకటే కిటికీ. దానికి గోనెసంచి కట్టించాడు. గోనె చిరుగుల్లోంచి పొద్దు పడి నేల మీద కదిలితే కాళ్ళు ముడుచుకునేవాడు. చీకటి పడ్డాకే పెరట్లోకి వచ్చేవాడు. పొద్దున లేస్తూనే చిన్న అద్దంలో కళ్ళ తెల్లగుడ్డు చూసుకునేవాడు. మొలతాడు కింద వేలు దూర్చి కడుపు పెరిగిందేమో చూసుకునేవాడు. ఒకరోజు వేలు కాస్త బిగుతుగా దూరితే ఆ పూట అన్నం ముట్టలేదు. కుడి డొక్క కింద నొక్కి నొక్కి చూసుకోవడంతో అక్కడ చర్మం కమిలిపోయి ఉండేది. కమిలినందుకు నొప్పి పుడితే, ఆ నొప్పి జబ్బుదేనని మళ్ళీ భయపడేవాడు.

ఊళ్ళో నడుం నొప్పి అని చెప్పుకున్నారు. అసలు సంగతి బయటపడితే ఆ ఇంటి బెల్లం ఎవరూ కొనరు. జ్ఞానాంబ పొయ్యి దగ్గరికి వచ్చింది. మొదట్లో పాకం పదును తెలియక రెండు మూడు సార్లు మాడ్చింది. గదిలోంచి అతను వాసన పట్టి, "దించు, దించు," అని కేకేసేవాడు. రాను రాను ఆ కేకలతో పని లేకుండా ఆమె నేర్చుకుంది. ఎండకు ఆమె చేతులు నల్లబడ్డాయి. గదిలో అతని చేతులు ఉడికించిన గుడ్డు రంగుకు తిరిగాయి.

తన కంచం, తన చెంబు, తన దుప్పటి అతనే వేరు చేసుకున్నాడు. కూతురు గడప దాటి లోపలికి రాకూడదన్నాడు. మొదటి రోజుల్లో ఆ పిల్ల గడప మీద కూర్చుని, "నాయనా, బయటికి రా. కొత్త దూడను సూపిస్తా," అని బతిమాలేది. అతను గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కొన్నేళ్ళకు ఆ పిల్ల పిలవడం మానేసింది. మానేసినందుకు అతనికి బాధేసింది. ఇక ముట్టుకోమని అడగదు కాబట్టి ఊపిరి కూడా పీల్చుకున్నాడు.

జ్ఞానాంబ అతనికి చెప్పకుండానే కూతుర్ని తీసుకుని చిత్తూరు పోయింది. మునిరామయ్య దగ్గరుండి ఇద్దరికీ పరీక్ష చేయించాడు, టీకాలు వేయించాడు.

"మా ఇద్దరికీ లేదు," అని ఆమె గడప దగ్గర నిలబడి చెప్పింది. "ముట్టుకుంటే రాదంట. ఒక కంచంలో తింటే రాదంట. మునిరామయ్యన్న సెప్పినాడు."

"అట్లయితే అన్నకెట్ల వచ్చినాది? నాకెట్ల వచ్చినాది? ఎవురిచ్చినారు?"

అతను మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

గదిలో చేరిన ఎనిమిదో ఏట నొప్పులు మొదలయ్యాయి. మొదట తుంటి దగ్గర. తరవాత తొడల్లో, పక్కటెముకల్లో, వీపున. కండరాల నొప్పి మాదిరి కాదు, ఎముక లోపలెక్కడో పంటితో కొరుకుతున్నట్టు ఉండేది. మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. నడిస్తే బాతులా అటొక అడుగు ఇటొక అడుగు. దగ్గితే డొక్కలో కత్తి దిగినట్టు. లివరు క్యాన్సరు ముదిరితే ఎముకలకు పాకుతుందని ఎప్పుడో ఎవరో అంటుంటే విన్నాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది వచ్చేసిందని అతనికి నమ్మకం కుదిరింది. కడుపు ఉబ్బకుండా ఇంకో దారిన వచ్చిందని అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

రెండువేల ఎనిమిదిలో ఒకనాటి సాయంత్రం స్నానానికి గొంతు కూర్చున్నవాడు లేవలేకపోయాడు. రెండు చేతులూ నేలకు ఆనించి ఎంత ప్రయత్నించినా తొడలు మాట వినలేదు. కేకేయడానికి సిగ్గేసి, తడి ఒంటితో వణుకుతూ అట్లాగే కూర్చున్నాడు. నీళ్ళ చప్పుడు ఆగిపోయి చాలాసేపైందని జ్ఞానాంబే వచ్చి చూసింది. చంకల కింద చేతులేసి లేపితే అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అయిపోయినాను మే. ఎముకల్లోకి పోయినాది. ఇంక శానా దినాలు లేవు."

ఆమె తువ్వాలుతో ఒళ్ళు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగి, తన చెయ్యి అతని చెయ్యి పక్కన పెట్టింది.

"సూడు. నేను ఎండలో పొయ్యి కాడ సస్తా ఉంటే నల్లగా అయినాను. నువ్వు పాలిపోయినావు. ఇది ఆరోగ్యం అనుకుంటా ఉండావా? తొమ్మిదేండ్లు నువ్వు సెప్పినట్ల ఇన్నాను. ఇంక ఇనను. రేపు తిరపతికి పోతా ఉండాం."

"ఆడికి పోయి చావు ఎప్పుడో చెప్పించుకుని రావాల్నా?"

"ఎప్పుడో తెలీకుండా నువ్వు దినమ్మూ సస్తా ఉండావు. దానికంటే అదే మేలు."

మర్నాడు గొడుగు కింద, తలమీదుగా దుప్పటి కప్పుకుని బస్సెక్కాడు. కిటికీలోంచి పడే ఎండ ఎటు మారితే అటు పక్కకు జరిగాడు. చంద్రగిరి దాటి కొండ కనపడగానే బస్సులో అందరూ చేతులు జోడించారు. అతను దుప్పటి లోపలే జోడించాడు. ఏమి కోరుకోవాలో తెలియలేదు. చెప్పేది ఏదైనా తొందరగా చెప్పించమని మాత్రం అనుకున్నాడు.

ఆసుపత్రిలో చూసిన డాక్టరు పల్లవి వయసులో చిన్నది. అతని కళ్ళు, నాలుక, కడుపు చూసింది. తొడ ఎముక మీద బొటనవేలితో నొక్కితే అతను పళ్ళు బిగపట్టాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటే లేవలేకపోయాడు. ఆమె అతని ముంజేతిని తిప్పి చూసి అడిగింది.

"ఏం పని చేస్తారు?"

"బెల్లం వండేవాణ్ణి."

"బెల్లం వండే చెయ్యి ఇట్లా ఉండదే. ఎండలో నిలబడి ఎన్నాళ్ళయింది?"

ధనంజయ జ్ఞానాంబ వైపు చూశాడు. "తొమ్మిదేండ్లమ్మా," అంది ఆమె. వైరసు సంగతి, గది, గోనెసంచి, పథ్యం, అన్న చావు అన్నీ ఆమే చెప్పింది. డాక్టరు మధ్యలో అడ్డు రాకుండా విన్నది. చివరకు నెత్తురు పరీక్షలు రాసి, ఎక్సురే తీయించి, కడుపుకు స్కానింగు చేయించమంది.

స్కానింగు గదిలో దీపాలు ఆర్పేశారు. చల్లటి జిగురు పూసి, పరికరాన్ని డొక్క కింద నొక్కుతూ తిప్పుతున్నాడు అక్కడి మనిషి. తెర ధనంజయకు కనపడదు. ఆ మనిషి ముఖం మాత్రం కనపడుతోంది. ఊపిరి బిగబట్టమన్నాడు, వదలమన్నాడు. ఒకేచోట నాలుగైదు సార్లు తిప్పాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. "ఉండండి, పెద్ద డాక్టరును పిలుస్తాను," అని లేచి పోయాడు.

ఆ కాస్సేపట్లో ధనంజయ బతుకంతా అక్కడే ఆగిపోయింది. ఆ చీకటి గదిలో ఒంటరిగా, కడుపు మీద జిగురు ఆరిపోతూ ఉంటే, తలుపు అవతల ఎవరో మాట్లాడుకుంటున్న ప్రతి మాటా తన గురించే అనిపించింది. కూతురి పెళ్ళికి తను ఉండడు. జ్ఞానాంబ ఒక్కతే చెరుకు కొట్టించాలి. అన్నను మోసినట్టు తనను మోయడానికి ఎవరూ లేరు. లేచి పారిపోదామనుకున్నాడు. తొడలు సహకరించవని గుర్తొచ్చింది.

పెద్ద డాక్టరు వచ్చి తానూ తిప్పి చూశాడు. "పిత్తాశయం పక్కన మడత అది, గడ్డ కాదు," అని ఆ మనిషికి చెప్పి, ధనంజయ భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ మాటలో ధనంజయ చెవిన పడ్డది 'గడ్డ' ఒక్కటే. బయటికొచ్చి జ్ఞానాంబతో, "గడ్డ ఉండాదంట," అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

వైరసు లెక్కకూ, డి విటమిన్ లెక్కకూ తీసిన నెత్తురు మద్రాసుకు పోయి రావాలి. అది వచ్చేదాకా తిరుపతిలోనే ఒక సత్రంలో ఉన్నారు. ఆ రోజుల్లో ధనంజయ సరిగ్గా నిద్రపోలేదు. జ్ఞానాంబ కూడా పోలేదు, పోయినట్టు నటించింది.

కాగితాలు వచ్చాక డాక్టరు పల్లవి ఇద్దరినీ కూర్చోబెట్టింది. ముందుగా ధనంజయే అడిగాడు.

"గడ్డ ఎంత పెద్దదమ్మా?"

"ఏ గడ్డ? మీ లివరులో గడ్డ లేదు. క్యాన్సరు లేదు."

జ్ఞానాంబ చేతిలో చీర కొంగు నలిగిపోతూ ఉండింది. అది ఆగింది.

"అట్లాగని అంతా బాగుందని చెప్పను," అంది డాక్టరు. "వైరసు నిద్ర లేచింది. నెత్తురులో లక్షల్లో ఉంది. లివరు అక్కడక్కడ గట్టిపడడం మొదలైంది. ఇట్లాగే వదిలేస్తే మీ అన్నగారికి జరిగిందే జరగొచ్చు. దానికి మందుంది. రోజుకొక మాత్ర, మానకుండా వేసుకోవాలి."

"ఎముకల్లోకి పోయింది క్యాన్సరు కాదా?"

"కాదు. మీ ఒంట్లో డి విటమిన్ దాదాపు లేదు. ఎండ తగిలితే చర్మంలో తయారయ్యేది అది. మీరు ఎండకు పోలేదు, పాలు తాగలేదు, గుడ్డు తినలేదు. ఎముకలు మెత్తబడి పగుళ్ళు వచ్చాయి. అందుకే ఆ నొప్పి. అది పూర్తిగా తగ్గుతుంది."

ధనంజయ తల దించుకున్నాడు. గడ్డ లేదన్న మాట ఇంకా లోపలికి దిగనేలేదు, దాని వెనకే ఇంకో భయం లేచింది.

"అమ్మా, ఒక మాట అడగతాను. నిజం సెప్పు. ఎండకు పోకుండా ఆ వైరసును నేనే లేపుకున్నానా?"

ఆమె కాగితాలు పక్కకు పెట్టింది.

"మా దగ్గరికి వచ్చే బి వైరసు వాళ్ళ నెత్తురు చూస్తున్నాం. వైరసు ఎక్కువున్న చాలామందిలో డి విటమిన్ తక్కువ కనపడుతోంది. కానీ అది తగ్గినందువల్ల వైరసు లేచిందా, వైరసు లివరును దెబ్బతీస్తే అది తగ్గిందా, మాకు తెలీదు. డి విటమిన్ వేసుకుంటే వైరసు పోతుందని కూడా నేను చెప్పను. వైరసుకు మాత్ర, ఎముకలకు డి విటమిన్. మీరే లేపుకున్నారో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. నేను కూడా."

తెలీదు అన్న మాట డాక్టరు నోటి నుంచి వినడం అతనికి అదే మొదలు. ఓదార్పు మాట చెప్పి ఉంటే అతను నమ్మేవాడు కాదు.

"నాకెట్ల వచ్చినాది?"

"మీకూ మీ అన్నగారికీ చిన్నప్పుడే వచ్చుంటుంది. బహుశా కాన్పులో మీ అమ్మ నుంచి. ఆమెకు కూడా తెలిసి ఉండదు." కొంచెం ఆగి ఆమె అడిగింది. "మీ అన్నగారికి పిల్లలున్నారా?"

జ్ఞానాంబే చెప్పింది. "ఒక కొడుకమ్మా. తండ్రి పోయినాక తల్లితో పాటు కాళాస్తిరిలో, వాళ్ళ పుట్టింట్లో ఉండాడు."

"ఆ అబ్బాయికీ వాళ్ళమ్మకూ పరీక్ష చేయించాలి. తొందరగా."

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు జ్ఞానాంబ పెరట్లో, పొద్దు ఎక్కాక, ఎండ పడే చోట మంచం వేసింది. ధనంజయ గడప దాకా వచ్చి ఆగిపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఏది తాకితే చస్తానని అనుకున్నాడో అది ఎదురుగా నేల నిండా పరుచుకుని ఉంది. డాక్టరు చెప్పింది నిజమని బుద్ధికి తెలుసు. కాళ్ళకు తెలియలేదు. జ్ఞానాంబ పిలవలేదు. మంచం కోడు పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉంది. చివరకు అతను గోడ పట్టుకుని వచ్చి, చొక్కా విప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. భుజాలు చురుక్కుమన్నాయి. లోపల ఏదో లేస్తోందేమోనని డొక్క మీద చెయ్యి పెట్టుకున్నాడు. అక్కడ ఏమీ లేవలేదు. కొంతసేపు కూర్చుని లోపలికి పోయి అద్దంలో కళ్ళు చూసుకున్నాడు. మర్నాడు ఇంకొంచెంసేపు కూర్చున్నాడు.

ఒక ఉదయం, అప్పటికి పద్నాలుగేళ్ళదైన భానుశ్రీ బడికి పోతూ అటు వచ్చి, అలవాటుగా దూరంగా ఆగింది. అతను పక్కకు జరిగి మంచం మీద చోటు చూపించాడు. ఆ పిల్ల వచ్చి ఒక అంచున కూర్చుంది. "బస్సుకు టైమయింది నాయనా," అని లేచి వెళ్ళింది. అతను ఆమె కూర్చున్న చోట చెయ్యి పెట్టుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

వారానికొక పొట్లం డి విటమిన్ పొడి పాలలో కలుపుకుని తాగాడు. రోజూ మాత్ర వేసుకున్నాడు. మూడో నెలకు గోడ పట్టుకోకుండా లేచాడు. ఆరో నెలకు నడక తిన్నబడింది. తిరుపతిలో మళ్ళీ పరీక్ష చేస్తే వైరసు లక్షల నుంచి వేలకు దిగింది. డాక్టరు పల్లవి తన పరిశీలనకు కొంచెం నెత్తురు ఇస్తారా అని అడిగితే చెయ్యి చాపాడు. తన నెత్తురు ఒకరికి పనికొస్తుందని అనుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది.

కాళహస్తికి పోవాల్సిన పని మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. వదిన ఆనందమ్మ ఏమంటుందో అన్న భయం. తనకు తెలిసీ ఇన్నేళ్ళూ చెప్పలేదన్న మాట ఆమె అంటే తన దగ్గర సమాధానం లేదు. జ్ఞానాంబ రోజూ ఒకే ప్రశ్న అడిగేది, "ఎప్పుడు పోతావు?" అని. ఒకరోజు ఆ ప్రశ్న వినలేక బయల్దేరాడు.

అన్న కొడుకు అమర్‌నాథ్ కలంకారీ బట్టలకు రంగులు అద్దే పనిలో ఉన్నాడు. ఇరవై ఏళ్ళు దాటాయి. ముఖం అచ్చంగా కృష్ణమూర్తిదే. ధనంజయ మంచినీళ్ళు కూడా తాగకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. తన నెత్తురు సంగతి, గది సంగతి, డాక్టరు అడిగిన సంగతి.

ఆనందమ్మ, "అయితే ఆయన తాగి పోలేదనేది ఒక డాక్టరు కూడా సెప్పినట్టేనా?" అని అడిగింది.

"సెప్పినట్టే వదినా. అది వైరసు."

"మా అన్నదమ్ములు కూడా నమ్మలేదు నాయనా. ఆయన తాగుడు నేను దాపెడతా ఉన్నాననుకున్నారు." కొంగుతో ముఖం తుడుచుకుంది. తరవాత గొంతు మారింది. "నీకు తొంభై తొమ్మిదిలోనే తెల్సు. నా కొడుకు ఒంట్లో ఈ తొమ్మిదేండ్లూ అది కూర్చోనుంటే?"

మర్నాటి బస్సుకే ముగ్గురూ తిరుపతి పోయారు.

ఫలితం కోసం ఆసుపత్రి వసారాలో కూర్చున్నప్పుడు ధనంజయకు తన స్కానింగు గదిలో కంటే ఎక్కువ భయం వేసింది. ఆనందమ్మకు వైరసు లేదు. ఎప్పుడో సోకి దానంతట అదే పోయిన జాడ మాత్రం ఉందట. అమర్‌నాథ్‌కు ఉంది. చిన్నతనంలో తండ్రి నుంచే వచ్చి ఉంటుందన్నారు. లివరు బాగుంది, వైరసు తక్కువగా ఉంది, ఇప్పటికి మందు అక్కర్లేదు, ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలు అన్నది డాక్టరు.

అమర్‌నాథ్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "సిన్నాయనా, నేను మా నాయన మాదిరి పోతానా?" అన్నాడు.

కాదు అని చెబుదామని ధనంజయ నోరు తెరిచాడు. తనకు ఆ మాట ఎవరు చెప్పినా తను నమ్మి ఉండేవాడు కాదని అనిపించింది. వాడి పక్కన కూర్చున్నాడు.

"తెలీదురా. మీ నాయనకు ముందుగా ఎవురూ పరీక్ష చేయలేదు. నీకు చేసినారు. నాకు భయమేసి ఇంట్లో దాక్కున్నాను, ఎముకలు పోగొట్టుకున్నాను. నువ్వు దాక్కోవద్దు. ఆర్నెల్లకొక తూరి నేనొస్తాను, ఇద్దరం కలిసి పోదాం."

ఆ తరవాత నుంచి అట్లాగే జరిగింది. ధనంజయ మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చాడు, కానీ పాకం దించే పని జ్ఞానాంబదే. ఆమె చేతి పదును తన చేతికి రాలేదని అతనే ఒప్పుకున్నాడు. భయం పోయిందని అతను ఎన్నడూ అనలేదు. స్కానింగుకు ముందు వారమంతా అన్నం సయించదు. మొలతాడు కింద వేలు దూర్చి చూసుకుంటూ జ్ఞానాంబకు దొరికిపోతాడు. ఆమె బస్సు టైము గుర్తు చేస్తుంది.

రెండువేల పది చలికాలంలో అమర్‌నాథ్, అతను పరీక్ష ముగించుకుని బస్టాండుకు నడుస్తున్నారు. ఇద్దరి కాగితాల్లోనూ కొత్తగా భయపడే మాట ఏదీ లేదు. వచ్చే నెలలో తనకు సంబంధం చూస్తున్నారనీ, ఆ పిల్ల తరఫువాళ్ళకు జబ్బు సంగతి చెప్పాలా వద్దా అనీ అమర్‌నాథ్ అడిగాడు.

"సెప్పాల. టీకా వేసుకుంటే ఆ పిల్లకు ఏం కాదని కూడా సెప్పాల," అన్నాడు ధనంజయ. "నేను కూడా వస్తాను. నీకు నోరు రాకపోతే నేను సెప్తాను."

వాడు తలూపాడు. కాళహస్తి బస్సు ముందుగా వచ్చింది. వాణ్ణి ఎక్కించి, సీటు దొరికిందో లేదో కిటికీలోంచి చూసి, ధనంజయ చిత్తూరు బస్సు ఆగే చోటికి రోడ్డు దాటాడు.